బయటికి ఒక్కటే లైను

మా చిన్నాడు వైర్లు చుట్టడం మొదలుపెట్టాడంటే వాడికి కోపం నషాళానికి అంటిందన్నమాటే. అరవడు, తలుపులు బాదడు. ఒక్కో వైరునీ అరచేతికీ మోచేతికీ మధ్య వేసి నింపాదిగా చుడతాడు, రబ్బరు బ్యాండు వేస్తాడు, సంచిలో పడేస్తాడు. నేను వంటగది గుమ్మంలోకి వచ్చి చూసేసరికే ఆరు చుట్టలు సంచిలో చేరాయి.

ఇక తన ఫోటో స్టూడియోలోనే పడుకుంటాడట. అక్కడ ఎలుకలున్నాయి కదరా అంటే, ఎలుకలు తనని అబద్ధాలకోరు అనవులే అన్నాడు.

ఆ మాట పెద్దాడికి తగలాలనే అన్నాడు. తగిలింది. పెద్దాడు మందుల షాపుకి సెలవు పెట్టి మరీ హాల్లో ఇంటర్నెట్ డబ్బా ముందు కూర్చుని ఉన్నాడు, ఎవరో దాన్ని ఎత్తుకుపోతారన్నట్టు.

"నిన్న నువ్వు ఆపలేదు. ఆపానని చెప్పావు. దాన్నేమంటారో నువ్వే చెప్పు" అన్నాడు తలెత్తకుండా.

"ఆపాను."

"మరి వీడియోలో మీ వదిన బొమ్మ ఎందుకు ముక్కలైపోయింది?"

చిన్నాడు ఏడో వైరు అందుకున్నాడు.

అప్పటికి తొమ్మిదిన్నర. పదకొండింటికి నా కోడలికి పరీక్ష. నిన్న తప్పిన పరీక్షే, మళ్లీ పెడుతున్నారు. ఇది కూడా పోతే ఇంకో ఏడాది ఆగాలి.

మా ఆయన ఇలాంటి సమయాల్లో కూరగాయల సంచి తీసుకుని బయటికి పోతాడు. ముప్పై ఏళ్లుగా ఇంట్లో గొడవైన ప్రతిసారీ మాకు కూరగాయలు పుష్కలం. ఆ రోజు కూడా చెప్పులు చప్పుడు కాకుండా వేసుకుని జారుకున్నాడు.

నా కోడలి పని గురించి చెప్పాలి. దాని అమ్మా నాన్నలిద్దరికీ వినపడదు. అందుకని అది నోటితో మాట్లాడ్డానికి ముందే చేతులతో మాట్లాడింది. ఆసుపత్రికి వినపడనివాళ్లు వస్తే, డాక్టరు చెప్పింది చేతులతో వాళ్లకి చూపించాలి, వాళ్లు చేతులతో చెప్పింది గొంతుతో డాక్టరుకి వినిపించాలి. ఇప్పుడు ఆ పనికి ఆసుపత్రి దాకా వెళ్లక్కర్లేదు. ఇంట్లో కంప్యూటర్ ముందు కూర్చుంటే చాలు, ఏ ఊరి ఆసుపత్రికైనా వీడియోలో అందుతుంది. ఆ ఉద్యోగం కోసం రెండేళ్లు చదివింది. పిల్లలకి ట్యూషన్లు చెప్పుకుంటూ, బట్టలు ఆరేస్తూ, గాల్లో వేళ్లు తిప్పుతూ శరీరంలో ఉన్న రోగాలన్నీ వల్లె వేసింది.

నిన్న మొదలుపెట్టిన మూడో నిమిషంలోనే పరీక్ష తీసుకునే పెద్దావిడ చెయ్యి అడ్డం పెట్టింది. మీ చేతులు కనపడటం లేదమ్మా, ముద్దలా అయిపోతున్నాయి అంది. మనకైతే బొమ్మ ఆగిపోయినా గొంతు వినిపిస్తే పని నడిచిపోతుంది. ఆ భాషలో అలా కుదరదు. ఒక్క వేలు మసకైతే మాటే మారిపోతుందట. ఆవిడ మంచిది కాబట్టి ఈ రోజుకి ఇంకో అవకాశం ఇచ్చింది.

పెద్దాడి బాధ అదీ. నెల కిందటే కంపెనీవాళ్లకి ఫోన్ చేసి ఇంటర్నెట్ స్పీడు రెండింతలు చేయించాడు. ఇక మనింట్లో సినిమా గాలిలా వస్తుందని వీధంతా చాటాడు. అంత స్పీడున్నా పెళ్లాం బొమ్మ ఆగిపోయిందంటే, తమ్ముడు పెళ్లి ఫోటోలు అదే పనిగా పంపడం వల్లేనని తేల్చేశాడు. చిన్నాడు ఫోటోగ్రాఫరు. ఒక్కో పెళ్లికి నాలుగు వేల ఫోటోలు తీస్తాడు, అన్నీ ఆల్బం అచ్చువేసేవాళ్లకి ఇంట్లోంచే పంపుతాడు.

"నువ్వు పెంచింది లోపలికి వచ్చేది" అన్నాడు చిన్నాడు ఎట్టకేలకి. "సినిమా చూడ్డానికి అది పనికొస్తుంది. వదిన బొమ్మ ఇక్కణ్ణుంచి బయటికి పోవాలి. బయటికి పోయేది ముందు ఎంతుందో ఇప్పుడూ అంతే. లోపలికి రెండొందల ఎంబీపీఎస్, బయటికి నాలుగు. బిల్లు కాయితం మీద చిన్నక్షరాల్లో ఉంటుంది, చదువుకో."

పెద్దాడు నమ్మలేదు. నాకు మాత్రం ఒక్క ముక్కలో అర్థమైపోయింది.

ఎందుకంటే నేను ఇరవై ఎనిమిదేళ్లు టెలిఫోన్ ఎక్స్ఛేంజీలో ట్రంకు ఆపరేటర్ని. మా ఊళ్లో మూడొందల ఫోన్లుండేవి. బయట ఊళ్లకి పోయే లైన్లు రెండంటే రెండు. ఆ రెండు లైన్ల మీద ఊరి చావులూ, పుట్టుకలూ, బేరాలూ, ప్రేమలూ అన్నీ నడిపినదాన్ని. పెళ్లివాళ్లు గంటలకొద్దీ మాట్లాడుతుంటే మధ్యలో దూరి, అవతల ఒకరికి కాన్పు కష్టమైంది, లైను వదలండి అని గద్దించిన మనిషిని. ఊళ్లో ఎన్ని ఫోన్లు పెంచితే ఏం లాభం, బయటికి పోయే తీగ పెంచకపోతే?

అంత తెలిసినదాన్నే నిన్న సాయంత్రం చిన్నాడి గదివైపు వేలు చూపించాను. "వాడి కంప్యూటర్ పెట్టెలు చూడరా" అని పెద్దాడికి నూరిపోసింది నేనే.

చిన్నాడు సంచి జిప్పు లాగుతూ ఇంకో మాట అన్నాడు. నిన్న పదిన్నరకే తన కంప్యూటర్లు రెండూ ఆపేశాడట. ఒక్క ఫోటో కూడా పోలేదట. "బయటికి ఇంకేదో పోతోంది. పొద్దున్నించి రాత్రి దాకా, ఆగకుండా. అదేదో నేను వెతకలేదు. తెలుసుకోవాలని మీకెవరికీ లేదు, నేనున్నాను కదా తిట్టడానికి."



వెనక్కి తిరిగి చూశాను. వంటగది గట్టు మీద పంచదార డబ్బాకి ఆనించి నా ఫోను నిలబడి ఉంది. అందులో మా అక్క బీన్స్ తుంచుతోంది.

అక్క కూడా ఆపరేటరే. అవతలి ఊరి ఎక్స్ఛేంజీలో పనిచేసేది. వయసులో ఉన్నప్పుడు ఒక కాల్‌కీ ఇంకో కాల్‌కీ మధ్య దొరికే పది సెకన్లలో ఇద్దరం కష్టసుఖాలు చెప్పుకునేవాళ్లం. పోయిన ఏడాది మా బావ పోయాడు. అప్పట్నుంచి పొద్దున్నే ఇద్దరం వీడియో పెట్టుకుంటాం. పెద్దగా మాట్లాడుకునేదేమీ ఉండదు. దాని వంట అది చేసుకుంటుంది, నా వంట నేను చేసుకుంటాను. గిన్నె కింద పడితే, ఏమైందే అని అడగడానికి ఒక మనిషి ఉంటుంది, అంతే. మా పనిలో ఒక కట్టుబాటు ఉండేది. అవతలివాళ్లూ ఇవతలివాళ్లూ ఇద్దరూ "అయింది" అనేదాకా ఆపరేటరు తీగ పీకకూడదు. మా ఇద్దరిలో ఎవరమూ ఆ మాట అనం. పడుకునేదాకా లైను అలా నడుస్తూనే ఉంటుంది.

నిన్న పదకొండింటికి, పరీక్ష టైములో కూడా నడిచింది.

అప్పుడే చెప్పెయ్యాల్సింది. చెప్పలేదు. తేలు కుట్టిన దొంగలా గుమ్మం పట్టుకుని నిలబడ్డాను. ఊరందరి లైన్లూ నడిపినదాన్ని, ఇంట్లో ఉన్న ఒక్క లైనునీ పొయ్యి పక్కన పెట్టి మింగేశానంటే తల ఎక్కడ పెట్టుకోను? అంతకంటే పెద్ద భయం ఇంకోటుంది. చెప్తే ఆ ఫోను ఆపమంటారు.

చిన్నాడు సంచి భుజానికి తగిలించుకున్నాడు. పెద్దాడు వెళ్లొద్దనలేదు. నేను కూడా అనలేదు. 

కోడలు తన గది తలుపు తీసింది. నల్ల చొక్కా వేసుకుని ఉంది, చేతులు బాగా కనపడాలని. మరిది భుజం మీద సంచి చూసింది, మొగుడి ముఖం చూసింది. ఎవరినీ ఏమీ అడక్కుండా, మరిదీ నీ కంప్యూటర్లు ఇప్పుడు ఆపి ఉన్నాయా అంది. వైర్లే సంచిలో ఉన్నాయి వదినా అన్నాడు వాడు. అయితే ఒక్క నిమిషం ఆగు అని వాళ్లమ్మకి వీడియో కాల్ చేసింది.

అందరం దాని వెనక చేరాం. తెర మీద వియ్యపురాలు నవ్వుతూ కనపడింది. కోడలు చేతులెత్తి రెండు వాక్యాలు చెప్పింది. ఆవిడ కళ్లు చిట్లించింది. ఇంకోసారి చెప్పింది. ఆవిడ తల అడ్డంగా ఊపి, తన వేళ్లన్నీ కలిపి గాల్లో నలిపి చూపించింది. ఆ భాష రాకపోయినా అర్థమైంది. ముద్ద.

కోడలు కాల్ ఆపేసి చేతులు ఒళ్లో పెట్టుకుంది. "మరిది నిజమే చెప్పాడు" అంది.

 "అయితే ఇంకెవరు?" అన్నాడు పెద్దాడు నీరసంగా.

టైము పది దాటింది. 

"నేను."

ముగ్గురూ నా వైపు తిరిగారు.

"వాడు కాదు. నేనూ, మీ పెద్దమ్మా. పొద్దున్నుంచీ మా వీడియో నడుస్తూనే ఉంది. నిన్న కూడా నడిచింది. ఇందాక వాడు చెప్తుంటే నాకు తెలిసింది. తెలిసీ నోరు మూసుకున్నాను."

 చిన్నాడు సంచితో పాటే గోడకి ఆనుకుని కూలబడ్డాడు. వాడి ముఖంలో కోపం కంటే ఆశ్చర్యమే ఎక్కువ కనపడింది. ట్రంకు లైన్ల మహారాణివి, నువ్వేనా అమ్మా ఇలా చేసింది అని అడిగాడు. ఎత్తిపొడుపే, పడాల్సిందే. పడ్డాను.

కోడలు మాత్రం అంత తేలిగ్గా వదల్లేదు. అది ఎప్పుడూ నాకు ఎదురుచెప్పిన మనిషి కాదు. ఆ రోజు చెప్పింది.

"నిన్నటినుంచి నా చేతుల్లోనే ఏదో లోపం ఉందేమో అనుకుంటున్నాను అత్తయ్యా. అద్దం ముందు నిలబడి నా వేళ్లు నేనే చూసుకున్నాను. మా అమ్మకి అర్థమయ్యే చేతులు పరీక్షలో ఆవిడకెందుకు అర్థం కాలేదా అని. మీరు పక్కనే ఉండి నాకు ధైర్యం చెప్పారు. ఒక్క మాట చెప్పుంటే పెద్దత్తయ్యతో నేనే మాట్లాడేదాన్ని కదా."

కళ్లల్లో నీళ్లు తిరిగాయి నాకు. ఏడుస్తూ కూర్చునే టైము కాదది. వంటగదిలోకి నడిచాను.

ఫోనులో అక్క బీన్స్ తుంచడం ఆపేసి, చేతులు పళ్లెంలో పెట్టుకుని నాకోసమే చూస్తోంది. అంతా వినింది. దానికి చెవులు ఇంకా ఆపరేటరు చెవులే.

"ఎప్పట్నుంచే ఇలా మొహమాటాలు నేర్చావు?" అంది. "కాన్పు కేసుకి లైను ఇవ్వకుండా పోచికోలు కబుర్లు నడిపిస్తే మన సూపర్‌వైజర్లు ఏం చేసేవాళ్లు?"

"నువ్వొక్కదానివే ఉంటావు కదే."

"ఉంటాను. ఉండలేనా? పిల్ల రెండేళ్లు చేతులరిగేలా నేర్చుకుంది. తీగ నువ్వు పీకలేవు, నీకు చేతకాదు. నేనే ముందంటాను." ఒక్క క్షణం ఆగింది. "అయింది."

 అది అలా నన్నే చూస్తూ ఉండిపోయింది. కట్టుబాటు దానికీ తెలుసు, ఇద్దరూ అనాలి.

"అయింది" అన్నాను.

తెర నల్లబడింది. వంటగది అంత నిశ్శబ్దంగా ఉంటుందని నాకు గుర్తే లేదు.

హాల్లోకి వచ్చేసరికి పది పావు. ఇక నడుం బిగించాను. తప్పు చేసినదాన్ని ఊరికే ఉంటే ఇంకో తప్పవుతుంది. క్యాలెండర్ కాయితం ఒకటి చింపి వెనక్కి తిప్పాను. ఈ ఇంట్లో బయటికి మాట్లాడేవన్నీ చెప్పండిరా అన్నాను. మనుషుల్ని కాదు, వస్తువుల్ని. మేం చేసిన పొరపాటు అదే, నిన్నంతా మనుషుల్ని అనుమానించాం.

చిన్నాడు డబ్బా లోపలి పేజీ ఒకటి తెరిచాడు. ఏ వస్తువు ఎంత పంపుతోందో అందులో అంకెలు కనపడతాయట. ఈ పేజీ ఉందని ఇన్నాళ్లూ ఎందుకు చెప్పలేదురా అని పెద్దాడు అడిగితే, నువ్వెప్పుడైనా అడిగావా, తిట్టావు గానీ అన్నాడు. ఇద్దరూ ఒకే తెర మీదకి వంగి దెబ్బలాడుకుంటున్నారంటే ఇంట్లో సగం రోగం కుదిరినట్టే. నాకు ప్రాణం లేచొచ్చింది.

నా ఫోను తీసేశాక కూడా బయటికి చాలానే పోతోంది. గుమ్మం మీద కెమెరా వీధిలో పోయే కుక్కల్ని పొద్దస్తమానం ఎక్కడికో పంపుతోంది. పీకేశాం. పెద్దాడి ఫోను వాడు ఫోటో తీసిన ప్రతి మందుల చీటీనీ ఎక్కడో దాస్తోంది. ఆపేశాం. పెద్దాడి చెవులు ఎర్రబడ్డాయి, తమ్ముడు మర్యాదగా పైకప్పు చూశాడు. అంకె తగ్గుతూ తగ్గుతూ సున్నా దగ్గరికి వచ్చింది.

అప్పుడు చిన్నాడి ఆల్బం గురించి అడిగాను. సాయంత్రం ఐదింటికల్లా ఫోటోలు అందకపోతే అచ్చు వాయిదా పడుతుందట, పెళ్లివాళ్లు ఊరుకోరట. అయినా ఫరవాలేదు, వదిన పనయ్యేదాకా అసలు మొదలుపెట్టను అన్నాడు. ఇందాక ఇల్లు వదిలిపోతానన్నవాడే.

నేను ఒప్పుకోలేదు. ఇద్దరికీ పని జరిగేలా లైను పంచడమే ఆపరేటరు పని. ఒకణ్ణి ఆపేసి ఇంకొకరిని మాట్లాడనివ్వడం ఎవరైనా చేస్తారు. నీ ఫోటోలకి ముక్కుతాడు వెయ్యగలవా అని అడిగాను. వెయ్యగలడట. ఇంతకు మించి పంపొద్దని అంకె పెట్టే చోటు ఉందట. ఇన్నాళ్లూ పెట్టలేదు, ఎంత దొరికితే అంతా మింగనిచ్చాడు.

మొత్తం నాలుగు. వీడియోకి రెండు కావాలి. చిన్నాడికి ఒకటి ఇచ్చాను.

మిగిలిన ఒకటి కూడా మా ఆవిడకే ఇచ్చెయ్యమ్మా అన్నాడు పెద్దాడు. ఇవ్వనన్నాను. అది ఖాళీగానే ఉండాలి. అంచుల దాకా నింపితే చుక్క ఎక్కువైనా ఒలుకుతుంది. మా ఎక్స్ఛేంజీలో ఎంత రద్దీ ఉన్నా గంటకి కొన్ని నిమిషాలు ఎప్పుడూ ఖాళీగా ఉంచేవాళ్లం, ఏ క్షణాన ఏం ముంచుకొస్తుందో తెలియదు కనక. చిన్నాడు నన్నోసారి ఎగాదిగా చూశాడు. ఇంటర్నెట్ తెలిసినవాళ్లు కూడా ఇదే చెప్తారమ్మా అన్నాడు. బయటికి పోయేది పూర్తిగా నిండిపోతే, అందింది అని అవతలికి చెప్పే చిన్న కబురు కూడా పోలేదట. అది పోకపోతే లోపలికి వచ్చేది కూడా ఆగిపోతుందట. సాయంత్రాలు పెద్దాడి సినిమా ఎందుకు ఆగిపోయేదో అప్పటికి తెలిసింది అందరికీ. పెద్దాడు ఏమీ వినపడనట్టు నటించాడు.

చిన్నాడు సంచి విప్పి తన కంప్యూటర్‌కి మళ్లీ వైర్లు తగిలించాడు. అన్నింటికంటే పొడుగు వైరు తీసి, దాని రబ్బరు బ్యాండు పళ్లతో లాగి, డబ్బా నుంచి వదిన బల్ల దాకా గోడవెంట పరిచాడు. గాల్లో పోయేదానికంటే తీగలో పోయేది నిలకడగా ఉంటుందట. వంగిన మరిది వీపు మీద కోడలు ఒక్కసారి చెయ్యి వేసి తీసింది.

మళ్లీ వియ్యపురాలికి కాల్ చేశారు. కోడలు చేతులెత్తి చెప్పింది. ఈసారి ఆవిడ కళ్లు చిట్లించలేదు. గబగబా చాలాసేపు ఏదో చెప్పింది. కోడలు పకపకా నవ్వింది.

ఏమందే అని అడిగాను.

"చొక్కా రెండో గుండీ వేలాడుతోంది, పరీక్షకి ఇలాగేనా కూర్చునేది అంటోంది."

గుండీ కనపడిందంటే ఇక వేళ్లకేం ఢోకా? సూదీ దారం నేనే తెచ్చాను. పదకొండుకి ఇంకా పావుగంట ఉందనగా, అది వేసుకున్న చొక్కా మీదే ఆ గుండీ కుట్టాను.  దారం కొరికాక, పెద్దత్తయ్య ఏమన్నారు అని కోడలు అడిగింది. నిన్ను గెలవమంది అన్నాను.

పదకొండు కొట్టింది. తలుపు వేసేశారు.

వరండాలో చిన్నాడు అంకెల పేజీ ముందు, పెద్దాడు తలుపు ముందు, నేను ఇద్దరి మధ్యా. లోపల్నుంచి కోడలి గొంతు వినపడుతోంది, ఆగుతోంది. అది మాట్లాడుతోందంటే అవతలివాళ్లు చేతులతో చెప్తున్నారని. ఆగిందంటే దీని చేతులు చెప్తున్నాయని. ఆగిన ప్రతిసారీ పెద్దాడు తమ్ముడి వైపు చూస్తున్నాడు. తమ్ముడు మూడు వేళ్లు చూపిస్తున్నాడు. మూడు దాటలేదని.

పదకొండూ ఇరవైకి గేటు చప్పుడైంది.

మా ఆయన! ఆయన ఫోనుకి ఒక జబ్బుంది. గేటు దాటి ఇంటి ఇంటర్నెట్ తగిలిందంటే చాలు, పొద్దున్నించి తీసిన వీడియోలన్నీ తనంతట తనే పంపేస్తుంది. ఈయనేమో దారిలో కనపడ్డ ప్రతి పిట్టకీ వీడియో తీస్తాడు. నా మోకాళ్ల నొప్పులు ఏమయ్యాయో తెలియదు, ఒక్క అంగలో మెట్లు దిగాను. గేటు అవతలే ఆయన్ని ఆపి, సంచి ముట్టుకోకుండా జేబులో ఫోను లాక్కుని ఆపేశాను. ఏమిటే, ఇంట్లోకి రానివ్వవా అన్నాడు బిక్కమొహం వేసుకుని. నువ్వు రావచ్చు, నీ పిట్టలు రాకూడదు అన్నాను.

పాపం, సంచి పట్టుకుని మా పక్కనే నిలబడ్డాడు. సంగతేమిటో అడగలేదు. పొద్దుటి గొడవ ఇంకా తెమల్లేదని అనుకున్నట్టున్నాడు.

పన్నెండుకి తలుపు కొంచెం తెరుచుకుంది. కోడలు లేచి రాలేదు. కాలితో తలుపు తోసింది, మేమూ వినాలని. తెర మీద పెద్దావిడ తలొంచుకుని రాస్తోంది. రాస్తూనే ఉంది. ఆవిడ కలం ఆపి కళ్లజోడు తీసేదాకా నలుగురిలో ఒక్కరమూ కదల్లేదు.

"నిన్న నేను చూడలేకపోయింది ఇదన్నమాట" అందావిడ. "ఇరవై ఏళ్లుగా ఈ పరీక్షలు తీసుకుంటున్నాను. ఇంత శుభ్రమైన చేతులు నేను ఎక్కువమందిలో చూడలేదమ్మా. నువ్వు నెగ్గావు."

పెద్దాడు గోడవైపు తిరిగి ఏడ్చాడు. ఏడిస్తే తప్పేముంది, నేనూ ఏడ్చాను. తర్వాత వాడు తమ్ముణ్ణి రెండు చేతులా పట్టుకుని, ఊపేసి, వాడి తల మీద ఒక్కటి మొట్టాడు. మా ఇంట్లో క్షమాపణలు అలాగే ఉంటాయి. చిన్నాడు తల రుద్దుకుంటూ లోపలికి పరిగెత్తి, ఇక ఆగేది లేదంటూ ఫోటోల ముక్కుతాడు తీసేశాడు. అంకె ఒక్కసారిగా నాలుగుకి ఎక్కింది. మా ఆయన విషయం తెలియకపోయినా అందరితో పాటు నవ్వేస్తున్నాడు.

ఆ సందట్లో తెర మీద పెద్దావిడ ఇంకా వెళ్లలేదని ముందు చూసింది నేనే.

ఆవిడ ఇంకెవరితోనో మాట్లాడి మళ్లీ ఇటు తిరిగింది. ఒక ఆసుపత్రిలో ఒకావిడ రెండు రోజులుగా వార్డులో ఉందట. వినపడదు, రాయడం చదవడం రాదు. ఆవిడ భాష తెలిసినవాళ్లు ఎవరూ దొరకలేదు. డాక్టరు ఇప్పుడు ఆవిడ మంచం దగ్గరే ఉన్నాడట. కాయితాలు సాయంత్రం సంతకం చెయ్యొచ్చు, ఈ ఒక్కటీ ఇప్పుడే తీసుకోగలవా అని అడిగింది.

కోడలు ఎవరి వైపూ చూడలేదు. "తీసుకుంటాను, కలపండి" అంది.

ఆ మాట పూర్తి కాకుండానే చిన్నాడు గదిలోకి దూకాడు. ఒకటి పెడితే చాలు కదరా అని పెద్దాడు వెనక నుంచి అన్నాడు. వాడు అంకె మార్చలేదు. కంప్యూటర్ వెనకున్న వైరు పట్టుకుని ఒక్క లాగు లాగాడు. అప్పటిదాకా పోయిన మూడు వందల ఫోటోలు మళ్లీ మొదట్నుంచి పంపాలి.

"అది పరీక్ష అన్నయ్యా. ఇప్పుడు అవతల మనిషి ఉంది" అన్నాడు.

కోడలు నన్ను చూసింది. మళ్లీ ఆపరేటర్ కుర్చీలో కూర్చున్నట్టయింది నాకు.

"లైను నీదే. మాట్లాడమ్మా" అన్నాను.

తలుపు నేనే వేశాను. డాక్టరుకీ రోగికీ మధ్య మాటలు, మూడోవాళ్లు వినకూడదు. ఊరందరి మాటలూ చెవిన పడ్డా ఒక్కటీ బయట పెట్టినదాన్ని కాదు, అక్కణ్ణుంచి వెళ్లిపోవాలని నాకు తెలుసు. మగవాళ్లు ముగ్గుర్నీ వంటగదిలోకి తరిమాను. వాళ్ల వెనకే నేనూ వెళ్లబోయి వంటగది గుమ్మంలో ఆగాను.

చాలాసేపు లోపల్నుంచి ఏ చప్పుడూ లేదు. అవతలి చేతులు చెప్తున్నాయి, ఇవతలి కళ్లు చూస్తున్నాయి. తర్వాత నా కోడలి గొంతు వినపడింది. ఎప్పటి గొంతు కాదది. ముఖం తెలియని ఇంకో ఆడమనిషి, రెండు రోజులుగా ఎవరూ వినని మనిషి, దాని గొంతులో నిలబడి మాట్లాడుతోంది.

"డాక్టరుగారూ, నాకు పుట్టింది మగబిడ్డా, ఆడబిడ్డా? రెండు రోజులైంది. నాకెందుకు చూపించలేదు?"